క్రాష్ కావాల్సిన చోట ఎక్సెప్షన్ ఎలా పుడుతుంది?

జావా ప్రోగ్రామ్ నల్ రిఫరెన్స్‌ను, అంటే ఏ ఆబ్జెక్ట్‌నూ చూపించని రిఫరెన్స్‌ను, తాకితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని పట్టుకోవచ్చు, లాగ్‌లో రాసుకోవచ్చు, ఆ తర్వాత ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుపోతుంది. అదే తప్పు సీ భాషలో చేస్తే సాధారణంగా 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అన్న ఒక్క ముక్కతో ప్రాసెస్ మొత్తం పోతుంది. జావా ప్రతిసారీ ముందుగా నల్ అవునో కాదో చూసుకుంటుంది కాబట్టే బతికి బయటపడుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి హాట్‌స్పాట్ జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) కంపైల్ చేసిన కోడ్‌లో చాలాచోట్ల ఆ పరీక్షే ఉండదు. సీ ప్రోగ్రామ్‌ను చంపిన సిగ్నలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ పంపే హెచ్చరికే, జావా ప్రోగ్రామ్‌కూ వస్తుంది. వచ్చిన దాన్ని జేవీఎం ఎక్సెప్షన్‌గా మార్చేస్తుంది.

ఎలా మారుస్తుందో దగ్గర నుంచి చూద్దాం. ఒక ఆబ్జెక్ట్‌లో మనకు కావాల్సిన ఫీల్డ్ మొదటి నుంచి 12 బైట్ల దూరంలో ఉందనుకోండి. దాన్ని చదవడానికి కంపైలర్ ఒకే ఒక్క లోడ్ ఇన్‌స్ట్రక్షన్ పెడుతుంది. రిఫరెన్స్ నల్ అయితే, అంటే సున్నా అయితే, ప్రాసెసర్ వెళ్లేది 12వ అడ్రస్‌కు. మెమరీలో మొట్టమొదటి పేజీని (ముక్కను) ఆపరేటింగ్ సిస్టమ్ కావాలనే ఖాళీగా వదిలేస్తుంది కాబట్టి అక్కడ ఏమీ ఉండదు. ఎక్స్86 ప్రాసెసర్ అయితే 14వ నంబరు ఎక్సెప్షన్‌ను, అంటే పేజ్ ఫాల్ట్‌ను (ఇది ప్రాసెసర్ ఎక్సెప్షన్, జావాది కాదు) లేవదీసి, తాకబోయిన అడ్రస్‌ను సీఆర్2 అనే రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు) పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌కు అప్పగిస్తుంది. ఆ అడ్రస్‌లో ఏమీ లేదని తేల్చుకున్న కెర్నెల్ ప్రాసెస్‌కు సిగ్‌సెగ్‌వీ అనే సిగ్నల్ పంపుతుంది. లినక్స్‌లో దాని నంబరు 11.

సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్‌ను సిగ్నల్ హ్యాండ్లర్ అంటారు. దాన్ని పిలిచే ముందు కెర్నెల్ రిజిస్టర్లన్నిటినీ ప్రోగ్రామ్ స్టాక్ (ఫంక్షన్ కాల్స్ వివరాలు ఉండే మెమరీ) మీదే భద్రపరుస్తుంది. తప్పు జరిగిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ కూడా అందులోనే ఉంటుంది. జేవీఎం హ్యాండ్లర్ మొదట చూసేది ఆ అడ్రస్‌నే. అది తాను తయారుచేసిన కోడ్‌లోదేనా? అయితే, 'ఈ ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఫాల్ట్ వస్తే అక్కడికి వెళ్లు' అని కంపైల్ చేసేటప్పుడే రాసిపెట్టుకున్న పట్టికలో అది ఉందా? ఉంటే, స్టాక్ మీద భద్రపరిచిన ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్‌ను చెరిపి, ఆ స్థానంలో కొత్తది రాస్తుంది. హ్యాండ్లర్ పని అంతటితో అయిపోయింది. అది ముగియగానే కెర్నెల్ రిజిస్టర్లను యథాస్థానంలో పెడుతుంది. ప్రోగ్రామ్ మాత్రం ఆగిన చోట కాకుండా, ఎక్సెప్షన్ తయారుచేసే చోట మళ్లీ మొదలవుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే: ఎక్సెప్షన్ అనేది సిగ్నల్ హ్యాండ్లర్ లోపల పుట్టదు. పుట్టకూడదు కూడా. సిగ్నల్ ఏ క్షణంలోనైనా రావచ్చు. మెమరీ కేటాయించే ఫంక్షన్ లాక్ (ఒకసారికి ఒక్కరికే చోటిచ్చే తాళం) పట్టుకుని సగం పనిలో ఉన్నప్పుడు వచ్చిందనుకోండి. హ్యాండ్లర్ కూడా మెమరీ అడిగితే, అదే లాక్ కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రామ్ ఎప్పటికీ కదలదు. ఎక్సెప్షన్ అంటే ఆబ్జెక్ట్ సృష్టించాలి, స్టాక్‌ను తిరగేయాలి. అందుకే గో భాష కూడా ఈ దారే పట్టింది. తప్పు చేసిన ఇన్‌స్ట్రక్షన్ తానే 'సిగ్‌ప్యానిక్' అనే ఫంక్షన్‌ను పిలిచినట్టు కనిపించేలా దాని హ్యాండ్లర్ రిజిస్టర్లను సర్దుతుంది. ఆపైన వచ్చేది మామూలు ప్యానిక్కే (గోలో ఎక్సెప్షన్ లాంటిది), రికవర్‌తో పట్టుకోవచ్చు.

లాభం వేగంలో ఉంది. నల్ రానంత కాలం పరీక్ష ఖర్చు సున్నా. వచ్చినప్పుడు మాత్రం కెర్నెల్ దాకా వెళ్లి రావాలి, అది ఖరీదైన ప్రయాణం. ఒకేచోట నల్ మళ్లీ మళ్లీ వస్తుంటే హాట్‌స్పాట్ ఆ కోడ్‌ను తిరిగి కంపైల్ చేసి మామూలు పరీక్షే పెడుతుంది.

సున్నాతో భాగహారం కథ వేరు. ఎక్స్86 మీద పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే సిగ్‌ఎఫ్‌పీఈ అనే సిగ్నల్ వస్తుంది, జేవీఎం దాన్ని అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ అయితే చడీచప్పుడు లేకుండా 0 జవాబుగా ఇచ్చేస్తుంది. సిగ్నలే రాదు కాబట్టి అక్కడ పరీక్ష తప్పనిసరి.

స్టాక్ నిండిపోయినప్పుడు ఇంకో చిక్కు: హ్యాండ్లర్ నడవడానికీ స్టాక్ కావాలి కదా! సీ ప్రోగ్రామ్‌లు 'సిగ్ఆల్ట్‌స్టాక్' అనే కాల్‌తో దానికి వేరే స్టాక్ కేటాయించుకోవచ్చు. హాట్‌స్పాట్ ముందుచూపుతో వెళ్తుంది. మెథడ్‌లోకి అడుగుపెడుతూనే స్టాక్‌లో కొన్ని పేజీల అవతలి చోటును ఒకసారి తాకి చూస్తుంది. అది కాపలా పేజీ (తాకితే ఫాల్ట్ వచ్చేలా స్టాక్ చివర ఉంచిన పేజీ) అయితే, ఇంకా కాస్త చోటు మిగిలి ఉండగానే ఫాల్ట్ వచ్చేస్తుంది.

ఇవన్నీ ప్రోగ్రామ్ తాను చేసిన పనికి అక్కడికక్కడే వచ్చే సిగ్నల్స్. కంట్రోల్-సీ అలాంటిది కాదు, అది బయటి నుంచి వస్తుంది. పైథాన్‌లో సీతో రాసిన హ్యాండ్లర్ ఒక గుర్తు పెట్టి తిరిగి వచ్చేస్తుంది. మెయిన్ థ్రెడ్‌లో ఇంటర్‌ప్రెటర్ ఆ గుర్తును చూసినప్పుడే కీబోర్డ్ ఇంటరప్ట్ పుడుతుంది. సీతో రాసిన లైబ్రరీ ఏదైనా పెద్ద లెక్కలో మునిగి ఉంటే, ఎన్నిసార్లు కంట్రోల్-సీ నొక్కినా పైథాన్ పలకకపోవడానికి కారణం ఇదే.

సిగ్‌సెగ్‌వీని సీ++లో కూడా ఎక్సెప్షన్‌గా మార్చుకుందామని కొందరు హ్యాండ్లర్ లోంచే త్రో చేస్తారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. మామూలు లోడ్ ఇన్‌స్ట్రక్షన్ ఎక్సెప్షన్ విసురుతుందని కంపైలర్ ఊహించదు, కాబట్టి అక్కడి నుంచి శుభ్రంగా వెనక్కి వచ్చే ఏర్పాటు చేసి ఉండకపోవచ్చు. జీసీసీ అనే కంపైలర్‌లో దీనికోసం ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఉంది. అది పెట్టినా, అప్పటికే పాడైన మెమరీ బాగుపడదు. జేవీఎం ధైర్యం వేరు: ఆ ఇన్‌స్ట్రక్షన్‌ను రాసింది తానే, ఆ క్షణంలో ఏ రిజిస్టర్‌లో ఏముందో దానికి తెలుసు.

తనకు తెలియని కోడ్‌లో ఫాల్ట్ వస్తే జేవీఎం కూడా ఎక్సెప్షన్ జోలికి పోదు. సిగ్నల్ పేరు, అడ్రస్, రిజిస్టర్లు అన్నీ 'హెచ్ఎస్ ఎర్ర్' అనే లాగ్ ఫైల్‌లో రాసి ప్రాసెస్‌ను ముగిస్తుంది. ఆ ఫైల్‌లో తప్పు జరిగిన ఫ్రేమ్ (అప్పుడు నడుస్తున్న ఫంక్షన్) ముందు ఒక అక్షరం ఉంటుంది. పెద్ద 'జే' ఉంటే కంపైల్ అయిన జావా కోడ్, 'వీ' ఉంటే జేవీఎం సొంత కోడ్, 'సీ' ఉంటే నేటివ్ లైబ్రరీ. 'సీ' కనిపిస్తే వెతుకులాట జావా ఫైళ్లలో కాదు, ఆ లైబ్రరీతో మొదలుపెట్టాలి.