జడ్జీలని జడ్జీలే వేసుకుంటారా? హైకోర్టు వకీలు చెప్పే అపోహలు, వాస్తవాలు

అపోహ: జడ్జీలని జడ్జీలే వేసుకుంటారు, ప్రభుత్వం చేతిలో ఏమీ లేదు.

సగమే నిజం. హైకోర్టు జడ్జి పోస్టుకి పేరు ఎలా కదుల్తుందో చెప్తా వినండి. హైకోర్టు చీఫ్ జస్టిస్, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్ జడ్జీలు కూర్చుని పేర్లు అనుకుంటారు, అవి ముఖ్యమంత్రికి, గవర్నర్‌కి వెళ్తాయి, అక్కణ్ణుంచి ఢిల్లీలో న్యాయశాఖకి, వాళ్ళు ఐబీ (ఇంటెలిజెన్స్ బ్యూరో) రిపోర్టు జతచేసి సుప్రీంకోర్టు కొలీజియంకి, అంటే భారత ప్రధాన న్యాయమూర్తి (సీజేఐ), సీనియర్ జడ్జీలు కలిసి పేర్లు తేల్చే బృందానికి పంపాలి, వాళ్ళు ఓకే అంటే ఫైల్ మళ్ళీ న్యాయశాఖకి, ప్రధానికి, చివరికి రాష్ట్రపతి దగ్గరికి. ఇందులో ఎన్ని టేబుళ్ళు ప్రభుత్వానివో మీరే లెక్కపెట్టుకోండి.

ప్రభుత్వం అభ్యంతరం రాసి పేరు వెనక్కి పంపొచ్చు, కొలీజియం అదే పేరు మళ్ళీ పంపితే మాత్రం వేసి తీరాలి. రూల్ ఇదీ. మరి వెనక్కీ పంపకుండా, వెయ్యకుండా, ఊరికే ఫైల్ మీద కూర్చుంటే? 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీనికి గడువులు పెట్టింది, ఐబీ రిపోర్టుకి 4 నుంచి 6 వారాలు, తర్వాత కేంద్రం 8 నుంచి 12 వారాల్లో పేర్లు కొలీజియంకి పంపాలి, రెండోసారి వచ్చిన పేరైతే 3, 4 వారాల్లో అపాయింట్ చెయ్యాలి అని. లాయర్ సౌరభ్ కిర్పాల్ పేరు ఢిల్లీ హైకోర్టు పంపింది 2017లో, సుప్రీంకోర్టు కొలీజియం పట్టుబట్టి మళ్ళీ పంపింది 2023 జనవరిలో. ఆ 3, 4 వారాలు కాస్తా ఏళ్ళయ్యాయి.

బయటివాళ్ళకి ఇదేదో ఢిల్లీ గొడవ, మా వకీళ్ళకి కళ్ళముందు జరిగేది. నేను జూనియర్‌గా పనిచేసిన సీనియర్ గారి పేరు ఒకసారి వెళ్ళింది. కన్సెంట్ ఇచ్చారు, ఐటీ రిటర్నులు, తను వాదించి రిపోర్టయిన జడ్జిమెంట్లు అన్నీ కట్టగట్టి ఇచ్చాం. వారం తిరక్కుండా కోర్టు కారిడార్ అంతా పాకింది, "సార్ బెంచ్‌కి వెళ్ళిపోతున్నారట కదా" అని క్లయింట్లు ఒక్కొక్కరే వచ్చి కేసు కట్టలు పట్టుకెళ్ళిపోయారు, కొత్త వకాలత్‌లు ఆయనే తీసుకోలేదు. రెండేళ్ళు గడిచాయి, ఎక్కడ ఆగిందో తెలీదు, ఎందుకాగిందో అడగడానికి ఒక చోటంటూ లేదు, ఆఖరికి ఆ పేరు ఇంక కదలదని మాకే అర్థమైపోయింది. ఇందులో నన్ను ఇప్పటికీ పొడిచేది ఏంటంటే, ఆ రెండేళ్ళలో ఆయన ప్రభుత్వం మీద ఒక్క గట్టి రిట్ కూడా వెయ్యలేదు. వద్దని ఎవరూ చెప్పలేదండి. చెప్పాల్సిన పనే లేదు.

న్యాయవ్యవస్థ స్వతంత్రత అంటే అందరూ తీర్పుల దగ్గర వెతుకుతారు, అది పోయేది ఇలా ఎదురుచూసే రోజుల్లో.

అపోహ: కొలీజియం రాజ్యాంగంలోనే ఉంది.

ఆ మాటే లేదు. 124, 217 ఆర్టికల్స్ చదవండి, రాష్ట్రపతి చీఫ్ జస్టిస్‌ని "సంప్రదించి" నియమించాలని ఉంటుంది. 1981లో సుప్రీంకోర్టు సంప్రదించడమంటే ఒప్పుకోవడం కాదు, ఆఖరి మాట ప్రభుత్వానిదే అంది, 1993లో అదే కోర్టు తిరగేసి కాదు ఆఖరి మాట మాదే అంది, 1998లో సీజేఐ ఒక్కరే కాదు ఇంకో నలుగురు సీనియర్లు కలిపి అని తేల్చింది, హైకోర్టు పోస్టులకైతే ఇంకో ఇద్దరు. ఒక్క మాటకి పదిహేడేళ్ళలో మూడు అర్థాలు. 1993 కేసు వాదించి గెలిచిన ఫాలీ నారిమన్ గారే తర్వాత ఇది ఓడిపోయి ఉంటే బాగుండేదన్నారు.

అపోహ: పాత పద్ధతే నయం, ప్రభుత్వమే వేసేది, గొడవలేదు.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది, రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని. మర్నాడే ప్రభుత్వం ముగ్గురు సీనియర్ జడ్జీలు షెలాట్, హెగ్డే, గ్రోవర్‌లని దాటేసి ఏఎన్ రేని సీజేఐగా ప్రకటించింది, ఆ ముగ్గురూ ప్రభుత్వానికి నచ్చని వైపు తీర్పు రాసినవాళ్ళే. ఎమర్జెన్సీలో అసమ్మతి తీర్పు రాసిన హెచ్ఆర్ ఖన్నా గారిని 1977లో ఇలాగే దాటేశారు, ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోయారు. కొలీజియం అంటే నాకూ పెద్ద ప్రేమేం లేదు, కానీ అది ఊరికే ఊడిపడలేదు.

కొలీజియం బదులు ప్రభుత్వం తెచ్చిన జడ్జీల నియామక కమిషన్ ఎన్‌జేఏసీ ఉంటే అన్నీ సర్దుకునేవి అనేవాళ్ళకి ఒక్క సంగతి. ఆరుగురిలో ఏ ఇద్దరు వద్దన్నా పేరు ఆగిపోయే ఏర్పాటది, అందులో న్యాయశాఖ మంత్రి ఒకరు, "ప్రముఖులు" ఇద్దరు. ప్రముఖులంటే ఎవరో చట్టంలో సరిగ్గా చెప్పనేలేదు. 2015 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు 4:1తో కొట్టేసింది, కొట్టేయొద్దన్న ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లా చలమేశ్వర్ గారు. కొలీజియంలో ఏం జరుగుతుందో బయట ఎవరికీ తెలీదన్న ఆయన మాట ఇప్పటికీ అంతే నిజం. 2017 నుంచి తీర్మానాలు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, నిజమే, కారణాలు ఒక్కోసారి వివరంగా ఉంటాయి, ఒక్కోసారి పేర్లే ఉంటాయి.

అపోహ: తప్పు చేసిన జడ్జిని పార్లమెంటు ఇట్టే తీసేయొచ్చు.

లోక్‌సభలో 100 మంది గానీ రాజ్యసభలో 50 మంది గానీ సంతకాలు పెట్టాలి, ముగ్గురి కమిటీ విచారణ చెయ్యాలి, తర్వాత రెండు సభల్లోనూ ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి, ఆ ఓట్లు సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి. 1993లో జస్టిస్ వి. రామస్వామి మీద కమిటీ తప్పు రుజువైందన్నా లోక్‌సభలో తీర్మానానికి 196 ఓట్లే వచ్చాయి, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు, 205 మంది ఓటే వెయ్యకుండా కూర్చున్నారు, తీర్మానం వీగిపోయింది. 2011లో జస్టిస్ సౌమిత్ర సేన్ మీద రాజ్యసభ పాస్ చేసింది, లోక్‌సభకి వెళ్ళేలోపు ఆయన రాజీనామా చేసేశారు, కథ కంచికి. ఇలా ఆఖరి దాకా వెళ్ళి పదవి పోగొట్టుకున్న జడ్జి ఈ దేశంలో ఇంతవరకు లేరు. తొలగింపుకి దిగువన మిగిలేది బదిలీ. ఇక్కడ పనికిరాని జడ్జి వేరే రాష్ట్రం కక్షిదారుకి ఎలా పనికొస్తారో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: తీర్పుని విమర్శిస్తే జైలే.

కంటెంప్ట్ చట్టం 1971, సెక్షన్ 5. తేలిపోయిన కేసులో తీర్పు మంచిచెడ్డల మీద న్యాయంగా విమర్శ చేస్తే ధిక్కారం కాదని రాసి ఉంది. జడ్జి డబ్బులు తిన్నారని ఆధారం లేకుండా అంటే అది వేరే సంగతి. తీర్పు తప్పు, చట్టం తెలుసుకోకుండా రాశారు, సాక్ష్యం చూడలేదు అని నేను వారానికి రెండుసార్లు సంతకం పెట్టి మరీ రాస్తుంటా, దాన్ని మేం అప్పీల్ గ్రౌండ్స్ అంటాం.