గర్భంలో షుగర్ గీత: ఎవరి కోసం గీశారు, ఎన్నిసార్లు జరిపారు

ఒకే బ్లడ్ రిపోర్టు పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్తే ఒకరు మీకు ప్రెగ్నెన్సీ షుగర్ ఉందమ్మా అనొచ్చు, ఇంకొకరు ఏం లేదు నార్మలే అనొచ్చు, ఇద్దరూ కరెక్టుగానే చదివి ఉంటారు. పరగడుపున షుగర్ 93 వచ్చి, గ్లూకోజ్ తాగాక తీసిన రీడింగులన్నీ బాగానే ఉన్నాయనుకోండి, ఒక పద్ధతి ప్రకారం పరగడుపున 92 తగిలితే చాలు జీడీఎం, అంటే గర్భధారణ డయాబెటిస్ ఉన్నట్టే, ఇంకో పద్ధతిలో అది 95కి చేరాలి, అదీ ఒక్కటి సరిపోదు, కనీసం రెండు రీడింగులు ఎక్కువ రావాలి. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలియాలంటే బాగా వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే మొదట గీత గీసినవాళ్ళు లెక్కలోకి తీసుకున్నది పుట్టబోయే బిడ్డని కానే కాదు.

1824లో బెర్లిన్‌లో హైన్‌రిష్ బెన్నెవిట్స్ అనే ఆయన తన డాక్టరు పట్టా కోసం రాసిన థీసిస్‌లో ఒక కేసు గురించి రాశాడు. ఐదో గర్భం, ఎంత తాగినా తీరని దాహం, మూత్రంలో చక్కెర, బిడ్డ 12 పౌన్లు అంటే దాదాపు ఐదున్నర కిలోలు, ఆ బిడ్డ దక్కలేదు. డెలివరీ అయ్యాక తల్లికి దాహం తగ్గింది, మూత్రంలో చక్కెరా పోయింది. గర్భంతో వచ్చి గర్భంతో పోయే షుగరు, మరీ పెద్దగా పెరిగిన బిడ్డ, రెండూ ఆ ఒక్క కేసులోనే ఉన్నాయి, కానీ ఒకదాని వల్ల ఇంకోటి ఎలా జరిగిందో చెప్పేవాడు రావడానికి ఇంకో 128 ఏళ్ళు పట్టింది.

మధ్యలో చాలాకాలం ఇది అరుదైన విషయంగానే ఉండిపోయింది. 1882లో లండన్‌లో మాథ్యూస్ డంకన్ డయాబెటిస్ ఉన్న తల్లుల గర్భాలు 22 పోగేసి రిపోర్టు చేస్తే అది పెద్ద లెక్క కింద చూశారు. అప్పటికి ఇన్సులిన్ లేదు, చిన్న వయసులో షుగర్ వచ్చిన అమ్మాయి తల్లయ్యే దాకా బతకడమే కష్టం. 1921లో టొరంటోలో ఇన్సులిన్ దొరికింది, 1922 జనవరిలో మొదటి మనిషికి ఎక్కించారు, ఆ తర్వాత తల్లుల చావులు బాగా తగ్గాయి. బిడ్డల సంగతి మాత్రం అంత త్వరగా మారలేదు, నెలలు నిండబోతుండగా కడుపులోనే పోవడం, పుట్టిన కొన్ని గంటల్లో పోవడం దశాబ్దాల పాటు జరుగుతూనే ఉంది. బోస్టన్‌లో జోస్లిన్ క్లినిక్‌లో 1924లో చేరిన ప్రిసిల్లా వైట్ జీవితమంతా ఈ తల్లులతోనే పనిచేశారు, షుగర్ ఎన్నేళ్ళ వయసులో వచ్చింది, ఎన్నాళ్ళుగా ఉంది, రక్తనాళాలు ఎంత దెబ్బతిన్నాయి అన్నదాన్ని బట్టి 1949లో ఆవిడ చేసిన క్లాసులే చాలా ఏళ్ళు ప్రసూతి వార్డుల్లో నడిచాయి.

ఇక అసలు లింకు. 1920లోనే ఫ్రాన్స్‌లో ఇద్దరు, షుగర్ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల దిబ్బలు మామూలు కంటే బాగా పెద్దవిగా ఉన్నాయని రాశారు. 1952లో కోపెన్‌హాగెన్‌లో యోర్గన్ పెడర్సన్ దీన్నంతా ఒక తాటిమీదకి తెచ్చారు. తల్లి రక్తంలో గ్లూకోజ్ మాయ దాటి బిడ్డకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. కాబట్టి తల్లికి షుగర్ ఎక్కువైతే బిడ్డకీ ఎక్కువవుతుంది, దాన్ని సర్దుకోవడానికి బిడ్డ క్లోమం సొంతంగా ఇన్సులిన్ కుమ్మరిస్తుంది, కడుపులో ఉన్న బిడ్డకి ఇన్సులిన్ అంటే ఎదుగుదల హార్మోను లాంటిదే, దాంతో కొవ్వు పేరుకుంటుంది. అదీ సమానంగా కాదు, తల సైజు దాదాపు మామూలుగానే ఉండి భుజాలు, పొట్ట బలుస్తాయి, అందుకే కాన్పులో తల బయటికొచ్చాక భుజం ఇరుక్కుపోయే ప్రమాదం ఈ బిడ్డల్లో ఎక్కువ.

పుట్టాక జరిగేది కూడా ఇదే లెక్కలో వస్తుంది. బొడ్డుతాడు కోసిన క్షణంలో తల్లి నుంచి వచ్చే గ్లూకోజ్ ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం అంతే జోరుగా ఉంటుంది, గంటా రెండు గంటల్లో బిడ్డ షుగర్ పడిపోతుంది. ఇంత బొద్దుగా ఉన్న బిడ్డ మడమ గుచ్చి మాటిమాటికీ షుగర్ ఎందుకు చూస్తున్నారని ఇంట్లోవాళ్ళు నర్సుల మీద చిరాకు పడుతుంటారు గానీ ఆ బొద్దుతనమే వాళ్ళ అనుమానానికి కారణం. ఆ ఇన్సులినే ఊపిరితిత్తులు విచ్చుకోవడానికి కావాల్సిన పదార్థం తయారీని ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆయాసం రావచ్చు, ఆక్సిజన్ అవసరం పెరిగి కడుపులోనే ఎర్రకణాలు ఎక్కువ తయారైతే అవి విరిగేటప్పుడు కామెర్లు కూడా ఎక్కువవుతాయి, కాల్షియం తగ్గడం ఇంకోటి. చూడటానికి నాలుగు సమస్యలు, మూలం దాదాపు ఒక్కటే.

ఇంత స్పష్టమైన సిద్ధాంతం చేతిలో ఉండగా 1964లో ఏం జరిగిందంటే, బోస్టన్‌లో జాన్ ఓసల్లివన్, స్టాటిస్టిక్స్ చూసే క్లేర్ మహాన్ కలిసి 752 మంది గర్భిణులకి 100 గ్రాముల గ్లూకోజ్ తాగించి మూడు గంటల పాటు రక్తం తీశారు, సగటు కంటే ఇంత ఎక్కువ అని ఒక గీత పెట్టారు, నాలుగు రీడింగుల్లో రెండు దాటితే షుగర్ ఉన్నట్టు. ఆ గీత పనిచేస్తుందా అని ఎలా చూశారు? వేరే తల్లుల గుంపుని ఏళ్ళ తరబడి ఫాలో అయ్యి వాళ్ళలో ఎవరికి మామూలు డయాబెటిస్ వచ్చిందో లెక్కేశారు. బిడ్డ బరువు, పుట్టాక షుగర్ పడిపోవడం, ఇవేవీ గీత ఎక్కడ పెట్టాలి అన్నదాంట్లో లేవు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, వాళ్ళు వేసుకున్న ప్రశ్నే తల్లి భవిష్యత్తు గురించి, దానికి మంచి జవాబే ఇచ్చారు. తర్వాత వచ్చినవాళ్ళు అదే గీతని బిడ్డ క్షేమానికి కూడా గీత అనుకుని వాడేశారు, నా ఉద్దేశంలో తకరారు అంతా అక్కడే మొదలైంది.

పైగా ఆ నంబర్లు కూడా అలాగే నిలబడలేదు. ఓసల్లివన్ మొత్తం రక్తంలో షుగర్ కొలిచారు, తర్వాత ల్యాబులన్నీ ప్లాస్మాకి మారాయి, ప్లాస్మాలో రీడింగు కొంచెం ఎక్కువొస్తుంది కాబట్టి 1979లో అమెరికాలో నంబర్లు పెంచారు, 1982లో కార్పెంటర్, కౌస్టన్ అనే ఇద్దరు కొలిచే పద్ధతి కూడా మారింది కదా అని మళ్ళీ లెక్కేసి తగ్గించారు. మొదట్లో చెప్పిన 95 అక్కడిది. అంటే పదేళ్ళ తర్వాత కాదు, మూడేళ్ళకే నంబరు 105 నుంచి 95కి దిగింది, ఈ మధ్యలో తల్లుల ఒంట్లో మారిందేం లేదు.

ఈలోగా ఇంకో వైపు నుంచి వేరే ప్రశ్న వచ్చింది, పుట్టినప్పటి సంగతి సరే, ఆ బిడ్డ పెద్దయ్యాక ఏంటి అని. 1980లో నార్బర్ట్ ఫ్రైన్‌కెల్ ఒక పెద్ద ఉపన్యాసంలో తల్లి నుంచి వచ్చే ఇంధనం, గ్లూకోజ్ ఒక్కటే కాదు, కొవ్వులు, అమైనో ఆమ్లాలు కూడా, బిడ్డ అవయవాల మీద శాశ్వతంగా ముద్ర వేయగలవని వాదించారు. అది అప్పటికి వాదనే. గట్టి ఆధారం అమెరికాలో అరిజోనాలోని పీమా తెగ మీద 1965 నుంచి నడుస్తున్న పరిశీలన నుంచి వచ్చింది. 2000లో అక్కడి డేటాతో వచ్చిన ఒక పేపరు నాకు ఈ సబ్జెక్టులోనే అన్నిటికంటే నచ్చుతుంది, ఎంత సింపుల్ ఐడియా అంటే, ఒకే తల్లి పిల్లల్ని తీసుకున్నారు, తల్లికి షుగర్ రాకముందు పుట్టినవాళ్ళు, వచ్చాక పుట్టినవాళ్ళు. జీన్స్ అదే కుటుంబానివి, ఇల్లు అదే, తిండి అదే, అయినా షుగర్ వచ్చాక పుట్టినవాళ్ళకి డయాబెటిస్ వచ్చే అవకాశం మూడు రెట్లకు పైగా ఉంది. తండ్రికి షుగర్ రాకముందు, వచ్చాక పుట్టిన పిల్లల్ని అలాగే పోల్చితే ఆ తేడా లేదు. అంతా వంశపారంపర్యమే అని కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేసింది ఆ పోలిక.

దీనికి అద్దంలో బొమ్మలా తిరగేసిన కథ ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ చెప్పారు, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకి పెద్దయ్యాక గుండెజబ్బు, షుగర్ ఎక్కువని. 1944-45 శీతాకాలంలో నాజీల దిగ్బంధంలో ఆకలితో అల్లాడిన నెదర్లాండ్స్‌లో ఆ టైంలో కడుపులో ఉన్నవాళ్ళకి పెద్దయ్యాక షుగర్ కంట్రోలు సరిగ్గా లేదని కూడా తర్వాత తేలింది. ఈ రెండు కథలూ కలిసిన చోటు పుణె. చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది, సగటున ఇక్కడ 2.7 కిలోలు, అక్కడ 3.5 కిలోలు, అన్ని కొలతల్లోనూ పుణె బిడ్డలు చిన్నవాళ్ళే గానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. బక్కగా కనిపించే బిడ్డలో కూడా కొవ్వు పాలు ఎక్కువుండొచ్చు అన్నమాట, తూకం ఒక్కటీ చూస్తే ఇది దొరకదు.

మళ్ళీ గీత దగ్గరికి వద్దాం. బిడ్డని లెక్కలో పెట్టి గీత గీయాలంటే బోలెడంత మంది తల్లులు కావాలి, వాళ్ళ రీడింగులు డాక్టర్లకి కూడా తెలియకూడదు, తెలిస్తే ట్రీట్‌మెంట్ ఇచ్చేస్తారు. 2008లో వచ్చిన హాపో స్టడీ సరిగ్గా అదే చేసింది, 9 దేశాలు, దాదాపు 25 వేల మంది, మరీ ఎక్కువ వచ్చినవాళ్ళవి తప్ప రిపోర్టులన్నీ మూసిపెట్టారు. ఫలితం అందరినీ ఇరుకున పెట్టింది, షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ జాడ, రెండూ పెరుగుతూనే పోయాయి, ఇక్కడి దాకా సేఫ్ ఇక్కడి నుంచి డేంజర్ అని విరుపు ఎక్కడా రాలేదు. గీత లేని చోట గీత గీయాలి. 2010లో అంతర్జాతీయ నిపుణుల బృందం, సగటు తల్లితో పోలిస్తే బిడ్డకి రిస్కు 1.75 రెట్లయ్యే చోటు తీసుకుంది, అలా పరగడుపున 92, గ్లూకోజ్ తాగిన గంటకి 180, రెండు గంటలకి 153 వచ్చాయి, ఏ ఒక్కటి తగిలినా సరే. 1.5 రెట్లు, 2 రెట్లు కూడా పరిశీలనలో ఉన్నవే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నంబర్లు తీసుకుంది, అదే ఏడాది అమెరికా నిపుణుల ప్యానెల్ ఒకటి ఇంతమందికి పేషెంట్ ముద్ర వేసేంత ఆధారం ఇంకా లేదని పాత పద్ధతితోనే ఉండమంది. ఆ 92కీ 95కీ పేచీ ఇదే.

ట్రీట్‌మెంట్ పనిచేస్తుందా అన్నదాంట్లో మాత్రం పెద్ద డౌట్ లేదు. ఆస్ట్రేలియా నుంచి 2005లో వచ్చిన ట్రయల్‌లో వెయ్యి మంది తల్లులు, తిండి సలహా, షుగర్ చెకింగు, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చిన గుంపులో బిడ్డలకి తీవ్రమైన సమస్యలు 1 శాతం, మామూలు కేర్ గుంపులో 4 శాతం. కానీ గీత కిందికి దించితే కొత్తగా చేరే స్వల్ప కేసుల్లో లాభం ఎంత? న్యూజిలాండ్‌లో 2022లో 4 వేల మందిని రెండు గీతల మధ్య పంచి చూస్తే తక్కువ గీతతో జీడీఎం 15.3 శాతం, ఎక్కువ గీతతో 6.1 శాతం తేలారు, మరీ పెద్దగా పుట్టిన బిడ్డలు మాత్రం 8.8, 8.9 శాతం, అంటే తేడా లేనట్టే. అయితే రెండు గీతల మధ్యలో పడ్డ తల్లుల్ని మాత్రమే విడిగా తీసి చూస్తే ట్రీట్‌మెంట్ అందినవాళ్ళ బిడ్డలు కొంత మేలు పొందారు, కాబట్టి ఇరువైపులవాళ్ళూ అదే పేపరు చూపించి వాదించుకుంటున్నారు.

ఇందులో తల్లి తిండి మీద నేరం మోపడం మాత్రం అన్యాయం అనిపిస్తుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని మొండికేయించడం ప్రతి గర్భంలోనూ జరిగేదే, బిడ్డకి ఇంధనం మిగలాలని శరీరం చేసుకునే ఏర్పాటు, దానికి తగ్గట్టు ఇన్సులిన్ పెంచుకోగల సత్తా క్లోమానికి ఉందా లేదా అన్నదే ముఖ్యం, అది గర్భం రాకముందే చాలావరకు తేలిపోయి ఉంటుంది.

అందుకే ఇప్పుడు గొడవ నంబరు నుంచి టైంకి మళ్ళింది. మామూలుగా టెస్టు 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు, అప్పటికి గర్భం సగం దాటిపోయింది కదా, ముందే పట్టుకుంటే? 2023లో వచ్చిన టోబోజీఎమ్ ట్రయల్‌లో రిస్కు ఉన్న తల్లుల్ని 20 వారాల లోపే టెస్టు చేసి కొందరికి వెంటనే ట్రీట్‌మెంట్ మొదలెట్టారు, బిడ్డలకి సమస్యలు ఆ గుంపులో 24.9 శాతం, ఆగి చూసిన గుంపులో 30.5 శాతం. మేలు ఎక్కువగా కనిపించింది షుగర్ కాస్త ఎక్కువ ఉన్నవాళ్ళలోనే. గీతకి కొంచెం పైన ఉన్నవాళ్ళకి తొందరపడి ట్రీట్‌మెంట్ ఇచ్చిన చోట మాత్రం బిడ్డలు ఉండాల్సినదానికంటే చిన్నగా పుట్టడం ఎక్కువగా కనిపించింది, బార్కర్ భయపడింది సరిగ్గా అలాంటి బిడ్డల గురించే.