20 నుంచి 120 మైక్రాన్లకు: కిరాణా కవర్ల నిషేధం నడిచిన దారి

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని టోకు అంగళ్లలోనైనా, ఒంగోలు ట్రంకురోడ్డు మీది కిరాణా కొట్లలోనైనా నగరపాలక సంస్థ సిబ్బంది కవర్ల కోసం తనిఖీకి దిగినప్పుడు ముందుగా తేలవలసిన ప్రశ్న ఒక్కటే: చేతికందిన కవరు నిషేధంలోకి వస్తుందా, రాదా? మన నిబంధనలు ఆ సంగతిని ప్రధానంగా కవరు మందంతో తేలుస్తాయి. మందాన్ని మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులలో చెబుతారు. 100 మైక్రాన్ల కవరుకూ 120 మైక్రాన్ల కవరుకూ తేడాను వేళ్లతో నలిపి చెప్పడం అంగడివారికీ కుదరదు, తనిఖీకి వచ్చినవారికీ కుదరదు. కంటికి ఆనని ఈ కొలత మీద పాతికేళ్లకు పైగా మన నిబంధనలు ఎందుకు నిలబడ్డాయో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

స్వీడన్‌లోని సెల్లోప్లాస్ట్ కంపెనీకి చెందిన స్టెన్ గుస్తాఫ్ తూలిన్ రూపొందించిన చేతిపిడుల కవరుకు 1965లో అమెరికాలో పేటెంటు లభించింది. అది మన ఊళ్లకు చేరి అంగడి గుమ్మాలకు కట్టలుగా వేలాడేనాటికి 1990లు వచ్చాయి. అంతకుముందు పప్పూ చక్కెరా పాత పేపరు పొట్లాల్లో పురికొస చుట్టుకుని వచ్చేవి, నూనెకు ఇంటి నుంచే సీసా వెళ్లేది, మొత్తం సరుకు మోయడానికి గుడ్డ సంచి తెచ్చుకోవడం కొనేవారి పని. ఉచిత కవరు ఆ బాధ్యతను అంగడివారి మీదికి మార్చింది. ఈ మార్పును చాలా కథనాలు దాటేసి పోతాయి గానీ, తర్వాత వచ్చిన నిబంధనలలో దేనికి బలం ఉందో, దేనికి లేదో ఇక్కడే తేలుతుందని నా అభిప్రాయం.

కేంద్ర ప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1999 సెప్టెంబరులో తొలిసారి నిబంధనలు తెచ్చి, క్యారీ బ్యాగు కనీస మందాన్ని 20 మైక్రాన్లుగా నిర్ణయించింది; రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ సంచుల్లో తినే పదార్థాలు ఇవ్వకూడదన్నది కూడా. మందానికి ముడిపెట్టడంలో తర్కం లేకపోలేదు. పల్చటి కవరుకు బరువు ఉండదు కనుక చిత్తు ఏరుకునేవారికి దానిని వంగి తీసినంత కూలి కూడా గిట్టదు. మందం పెరిగితే పాత సామాన్ల దుకాణంలో ధర పలుకుతుంది, తయారీ ఖర్చు పెరిగి అంగడివారు ఉచితంగా పంచడానికి వెనకాడతారు. కాగితం మీద ఇది చక్కని ఆలోచన. ఆచరణలో కవరు మందం తెలిసేది దాని మీద తయారీదారు అచ్చువేసిన అంకె వల్ల మాత్రమే, ఆ అంకెను నమ్మడం తప్ప చిల్లర వర్తకునికి మార్గం లేదు.

ఈలోగా బయట పరిస్థితులు వేగంగా మారాయి. వరదలప్పుడు మురుగు కాలువలను కవర్లు పూడ్చివేస్తున్నాయని గ్రహించిన బంగ్లాదేశ్ 2002లో పల్చటి పాలిథిన్ సంచులను దేశమంతటా నిషేధించింది. అదే ఏడాది ఐర్లాండ్ నిషేధించకుండా, ఒక్కో కవరుకు 15 సెంట్ల పన్ను వేసింది. వాడకం దాదాపు పదో వంతుకు పడిపోయింది. 2005 జులైలో ముంబయి మునిగినప్పుడు మన దేశంలోనూ కవర్ల మాట గట్టిగా వినబడింది. నెల్లూరు ఊరి మధ్యగా పారే సర్వేపల్లి కాలువనూ జాఫర్ సాహెబ్ కాలువనూ చూసినవారికి ఆ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

2011 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త నిబంధనలు కనీస మందాన్ని 40 మైక్రాన్లకు పెంచడంతో పాటు, ఏ కవరునూ ఉచితంగా ఇవ్వరాదని తొలిసారి చెప్పాయి. ఆ మరుసటి ఏడాది పుట్టపర్తికి చెందిన కరుణ సొసైటీ సుప్రీంకోర్టును ఆశ్రయించింది. చెత్తకుప్పల దగ్గర కవర్లు మింగిన ఆవుల పొట్టల నుంచి ప్లాస్టిక్‌ను శస్త్రచికిత్సతో తీయవలసి వస్తోందన్నది వారి ఫిర్యాదు. తన పేరుతో ఒక పశుజాతికే లోకంలో గుర్తింపు తెచ్చిన ఒంగోలు వీధుల్లోనూ పశువులు కుప్పలు కెలకడం మామూలు దృశ్యమే.

2016 మార్చి నిబంధనలు హద్దును 50 మైక్రాన్లు చేసి, గ్రామ పంచాయతీలను కూడా పరిధిలోకి తెచ్చాయి. కవర్లు ఇవ్వదలచిన వర్తకుడు స్థానిక సంస్థ వద్ద నమోదై నెలకు కనీసం 4,000 రూపాయల చొప్పున ఏడాదికి 48,000 కట్టాలన్న నియమం అందులోనిదే. తోపుడు బండి మీద దోసకాయలు అమ్ముకునేవారికీ పెద్ద సూపర్‌మార్కెట్‌కూ ఒకే రుసుము అనడం మొదటి నుంచీ నిలిచే మాట కాదు. అయితే దానిని సరిదిద్దే బదులు 2018 మార్చి సవరణలో ఆ నియమాన్నే ఎత్తివేశారు, దానితో కవరుకు ధర ఉండాలన్న సూత్రం కూడా పోయింది. కొన్ని పెద్ద దుకాణాలు ధర తీసుకోవడం మానకపోయినా, ముందుగా చెప్పకుండా బిల్లు కట్టే వేళ కవరుకు డబ్బు వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. కొనేవారి చేతికి గుడ్డ సంచి తిరిగి తేగలిగిన సాధనం ధర ఒక్కటే అనుకుంటే, దానిని మనం నిలుపుకున్నది సుమారు ఏడేళ్లే.

ఆ తర్వాతదంతా మళ్లీ మైక్రాన్ల లెక్కే. 2021 ఆగస్టు సవరణతో హద్దు అదే ఏడాది సెప్టెంబరు 30 నుంచి 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి చేరింది. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాల వంటివి పూర్తిగా నిషేధంలోకి వెళ్లాయి. ఆ జాబితాలో క్యారీ బ్యాగు లేదు, దానికి మందమే ఆధారం. కంపోస్ట్ అయ్యే కవర్లకు ఆ మందం కూడా వర్తించదు. గుడ్డలా కనిపించే నాన్ వోవెన్ సంచి నిజానికి ప్లాస్టికే కనుక దానికి చదరపు మీటరుకు 60 గ్రాముల కనీస బరువు పెట్టారు. పాల ప్యాకెట్లు, చిప్స్ పొట్లాలు ముందే సీలు వేసిన ప్యాకింగు కాబట్టి ఈ నిర్వచనంలోకే రావు.

మందాన్ని నమ్ముకున్నది మనం మాత్రమే కాదు. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో గెలిచి అమలైన కాలిఫోర్నియా చట్టం సుమారు 57 మైక్రాన్లకు మించిన సంచులను మళ్లీ వాడదగినవిగా లెక్కించి, కనీసం పది సెంట్లకు అమ్మనిచ్చింది. జనం వాటినీ ఒక్కసారికే పారేయడంతో 2024లో మరో చట్టం చేసి, 2026 జనవరి నుంచి కిరాణా దుకాణాల్లో అన్ని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులనూ తీసేయాలని నిర్ణయించారు. అంత దూరం పోనక్కరలేదు, తడ దాటితే తమిళనాడు. అక్కడ 2019 జనవరి 1 నుంచే మందంతో నిమిత్తం లేకుండా ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషిద్ధం, కనుక మైక్రాన్ల వాదనకే తావులేదు.

శిక్షల సంగతికొస్తే, పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా అని ఉండేది. 2023 నాటి జన విశ్వాస్ చట్టం జైలును తొలగించి, 10,000 నుంచి 15 లక్షల రూపాయల వరకు అపరాధ రుసుము పెట్టింది; ఇది 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. పల్చటి సరుకు మీద 120 అని అచ్చువేసి పంపిన తయారీదారుకూ, దానిని నమ్మి కొని పంచిన చిల్లర అంగడివారికీ నిబంధనలు ఒకేలా వర్తిస్తాయి, కానీ సోదాలు ఎక్కువగా అంగడి దగ్గరే ఆగిపోతున్నాయి.