సేనానుల లోపాలు: క్లాసులో రోజూ వినే అపోహలు

వనపర్తి వైపు ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. యుద్ధాల పాఠం వస్తే చాలు, వెనక బెంచీలు నిద్ర లేస్తాయి. "సార్, నెపోలియన్ పొట్టోడంట కదా, ఆ కసితోనే యుద్ధాలు చేసిండంట" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అనాల్సిందే.

అపోహ: నెపోలియన్ పొట్టివాడు.
వాస్తవం: ఆయన ఎత్తు ఫ్రెంచి కొలతలో 5 అడుగుల 2 అంగుళాలు. ఫ్రెంచి అంగుళం మన అంగుళం కంటే పెద్దది. మన టేపుతో కొలిస్తే ఐదున్నర అడుగుల పైమాటే. ఆ కాలానికి మామూలు ఎత్తు. పొట్టివాణ్ని చేసింది ఇంగ్లండ్ కార్టూనిస్టులు. నన్నడిగితే ఆయన అసలు లోపం వేరే. 1799లో సైన్యాన్ని ఈజిప్టులో వదిలేసి వచ్చాడు. 1812 డిసెంబరులో రష్యా మంచులో చస్తున్నవాళ్లను వదిలి ముందే పారిస్ దారి పట్టాడు.

అపోహ: తాగుడు, కోపం సొంత విషయాలు.
వాస్తవం: గ్రానికస్ యుద్ధంలో అలెగ్జాండర్ తల తెగాల్సిన క్షణంలో అడ్డుపడి కాపాడినవాడు ఆయన సేనాని క్లైటస్. ఆరేళ్ల తర్వాత, క్రీ.పూ. 328లో, సమర్‌ఖండ్‌లో మందు మీద మాటా మాటా పెరిగి ఆ క్లైటస్‌నే ఈటెతో పొడిచి చంపాడు. ఆ తర్వాత రాజుకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

అపోహ: విజయనగరాన్ని ఏలిన అళియ రామరాయలు తళ్లికోట యుద్ధంలో ద్రోహం వల్లే ఓడాడు.
వాస్తవం: ఇద్దరు సేనాధిపతులు ఫిరాయించారని, యుద్ధమైన రెండేళ్లకు విజయనగరం వచ్చిన వెనిస్ వర్తకుడు ఫెడ్రిచీ రాశాడు. కాబట్టి ఉత్త పుకారని కొట్టిపారేయను. కానీ అంతదాకా ఎందుకొచ్చింది? గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, రాజు కాకముందు, 1543 నుంచి ఏడేళ్లు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. అన్నం పెట్టింది ఈ రామరాయలే. తర్వాత ఆయనే ఒక సుల్తాన్ మీదికి ఇంకో సుల్తాన్‌ను ఎగదోస్తూ, చివరికి ఇబ్రహీం దగ్గర మన పానగల్లు, ఘనపురం కోటలు కూడా లాక్కున్నాడు. 1565 జనవరి 23న ఎదురు నిలిచిన సైన్యాల్లో ఇబ్రహీందీ ఉంది. ద్రోహం కథ పిల్లలకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో తప్పు పక్కవాడిది.

పోయినేడు పిల్లల్ని పానగల్లు కోటకు తీసుకుపోయాను. ఎండకు రాళ్లు కాలుతున్నాయి, తెచ్చుకున్న నీళ్లు సగం గుట్టకే అయిపోయాయి. పైకెక్కాక ఒక అమ్మాయి కిందికి చూసి అడిగింది: "సార్, ఇంత ఎత్తుకు తిండిగింజలు ఎవరు మోసిండ్రు?"

రామరాయల గురించి గంట మాట్లాడగలను. ఆ మోసినవాళ్ల పేరు ఒక్కటీ చెప్పలేకపోయాను.