ముల్లు 60 అంటుంది, నేల 68 అంటుంది

రాయగడ నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: అమెరికాలోని యూటా ఎడారిలో మట్టి స్ట్రిప్‌ల (కచ్చా రన్‌వేల) మీద చిన్న విమానాలు దించేవాళ్లు పొద్దున్నే ఎందుకు దిగుతారు? మధ్యాహ్నం దిగితే ఏమవుతుంది?

మధ్యాహ్నం సుడిగాలులు లేస్తాయి, కొండల సందుల్లో గాలి ఎటు తిరుగుతుందో తెలియదు. అది అందరికీ తెలిసిన జవాబే. కంటికి కనిపించని కారణం ఇంకోటుంది, నాకు ఇష్టమైనది అదే: ఎండకి గాలి పలచబడుతుంది.

లెక్క మనవైపు నుంచే మొదలుపెడదాం. కొరాపుట్ జిల్లా జయపురం సముద్ర మట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో గాలి వేడి ప్రమాణం ప్రకారం 11 డిగ్రీలు ఉండాలి (సముద్ర మట్టంలో 15, పైకి పోతే ప్రతి 1,000 అడుగులకీ 2 తగ్గుతుంది). మే నెల మధ్యాహ్నం 38 ఉందనుకోండి. తేడా 27. ఒక్కో డిగ్రీకి 120 అడుగులు కలపాలి. మొత్తం 5,240 అడుగులు, అంటే దాదాపు 1,600 మీటర్లు. అదే జిల్లాలోని దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. రన్‌వే జయపురంలోనే ఉన్నా, రెక్కకి మాత్రం దేవమాలి కొస మీద ఎగురుతున్నట్టే ఉంటుంది. పైలట్లు దీన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు. అదే రోజు తెల్లవారుజామున 26 డిగ్రీలుంటే లెక్క 3,800కి దిగుతుంది.

ఇందులో ముహూర్తం ఏమీ లేదు. సోమవారం రాహుకాలం పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. ఎడారి పైలట్‌కి రోజు మొత్తంలో అంతకంటే మంచి వేళ దొరకడం కష్టం.

ఇప్పుడు యూటా. శాన్ రఫేల్ స్వెల్ అనే రాతి ప్రాంతంలోనూ దాని చుట్టుపక్కలా 1950ల నాటి యురేనియం వేటలో గీసిన స్ట్రిప్‌లు కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. టవర్ లేదు, తారు లేదు. 5,000 అడుగుల ఎత్తున్న స్ట్రిప్ మీద 35 డిగ్రీల ఎండ ఉంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 8,600 అవుతుంది. అక్కడ గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదాంట్లో 77 శాతమే.

రెక్కకి కావలసింది గాలి తోపు. చిక్కటి గంజిలో గరిటె మెల్లగా తిప్పినా పట్టు దొరుకుతుంది, నీళ్లలో అంతే పట్టు కావాలంటే వేగంగా తిప్పాలి. ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ (పైలట్ ముందుండే వేగం ముల్లు) కొలిచేది కూడా వేగాన్ని కాదు, ఆ తోపునే. కాబట్టి ముల్లు 60 నాట్లు చూపిస్తే రెక్కకి సరిపడా తోపు ఉన్నట్టే, ఎక్కడైనా సరే. కానీ ఆ పలచని గాలిలో 60 తోపు రావాలంటే విమానం నిజంగా 68 నాట్లతో, అంటే గంటకి 126 కిలోమీటర్ల వేగంతో పోవాలి. (రెక్క పైన పోయిన గాలీ కింద పోయిన గాలీ చివర్లో ఒకేసారి కలుసుకోవాలని బడిలో చెప్పే కథని మాత్రం మర్చిపోండి. అలా ఏమీ కలుసుకోవు.)

గొడవంతా ఇక్కడే. నేల దగ్గరికొచ్చేసరికి పొదలు, రాళ్లు మామూలుకన్నా వేగంగా వెనక్కి పరుగెడతాయి. కన్ను "ఎక్కువైంది, తగ్గించు" అంటుంది. కన్ను మాట విని ముక్కు ఎత్తి వేగం తగ్గిస్తే ముల్లు 50కి పడిపోతుంది, రెక్క పట్టు వదిలేస్తుంది, విమానం కూలబడుతుంది. ఎత్తైన చోట ముల్లు మాటే వినాలి.

ముల్లు మాట విన్నాక బాకీ నేల మీద తీర్చాలి. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 68ని 60తో భాగించి వర్గం చేస్తే 1.28. సముద్ర మట్టంలో 200 మీటర్లలో ఆగేది ఇక్కడ 256 తీసుకుంటుంది. వెనక నుంచి 6 నాట్ల గాలి తోడైతే నేల వేగం 74, దూరం 304 మీటర్లు. పైగా వదులు కంకర మీద బ్రేక్ నొక్కితే చక్రం జారుతుంది.

మలుపుకీ అదే వర్గం. 80 నాట్ల దగ్గర 30 డిగ్రీలు వాలి తిరిగితే వ్యాసార్థం 300 మీటర్లు. పలచని గాలిలో ముల్లు 80 చూపిస్తుండగా నిజ వేగం 91 కాబట్టి అది 390 అవుతుంది. రెండు గోడల మధ్య ఇరుకైన లోయలో ఆ 90 మీటర్లు ఎక్కణ్ణుంచి తేవాలి?

అందుకే ముందు పైనుంచి ఒక చుట్టు కొట్టి గాలి, గోతులు, పశువులు చూసుకుంటారు. తర్వాత స్ట్రిప్ పక్కగా కిందికొచ్చి గడియారం పెడతారు. నిజ వేగం 91 అంటే సెకనుకి 47 మీటర్లు, ఈ చివర నుంచి ఆ చివరికి 9 సెకన్లు పడితే పొడవు 420 మీటర్లు. చోటుంటే రెండో వైపు నుంచీ కొలుస్తారు. తక్కువ టైము పట్టిన వైపు గాలి వెనక నుంచి తోస్తున్నట్టు. చాలా స్ట్రిప్‌లు వాలుగా ఉంటాయి, ఎక్కుడు వైపు దిగి దిగుడు వైపు లేస్తారు. ఎక్కుడు నేల మన ఎత్తుని ఎక్కువగా చూపిస్తుంది, నమ్మితే స్ట్రిప్‌కి ముందే నేలని తాకుతాం. ఎదర కొండ ఉంటే, ఏ గుర్తు దాటాక ఇక వెనక్కి తగ్గకుండా దిగి తీరాలో ముందే అనుకోవాలి.

దిగేముందు మిక్శ్చర్ మీటని (ఇంజనుకి పోయే గాలిలో పెట్రోలు పాలు ఎంతో సరిచేసేది) పూర్తిగా ముందుకి తోసేయడం చాలామందికి చేతి అలవాటు. కిందిచోట్ల మంచిదే. టర్బో లేని ఇంజను ఈ ఎత్తులో ఎలాగూ పావు వంతు బలం పోగొట్టుకుని ఉంటుంది. దానికి పెట్రోలు ఎక్కువ పట్టిస్తే మళ్లీ లేవాల్సి వచ్చినప్పుడు ఇంకా నీరసిస్తుంది. ఆ ఎత్తుకి సరిపడా పలచగా పెట్టుకునే దిగాలి.

తాకాక ముక్కు చక్రాన్ని వీలైనంతసేపు పైకే పట్టాలి. మెత్తటి ఇసుకలో ఆగకుండా గట్టినేల దాకా నడిపించాలి, ఆగితే చక్రం దిగబడుతుంది. కంకర మీద నిలబెట్టి ఇంజను పెంచితే ప్రొపెల్లర్ రాళ్లు పీల్చి అంచులు చెక్కుకుంటుంది.

దిగడం కన్నా లేవడమే కష్టం, అక్కడ బలం లేని ఇంజనే దిక్కు. స్ట్రిప్ సగం దగ్గర ఒక రాయో బట్టో గుర్తు పెడతారు. అది దాటేలోగా లేచే వేగంలో 70 శాతం రాకపోతే ఇంజను బలం పూర్తిగా తగ్గించి ఆగిపోతారు. 0.7 వర్గం 0.49, దాదాపు సగం. సగం దూరంలో రావాల్సిన శక్తి అంతే. రానప్పుడు సామాను దించేసి, మర్నాడు చల్లగా ఉండగా మళ్లీ ప్రయత్నిస్తారు.