రద్దవుతున్నది ఇంటి నుంచి పని ఒక్కటేనా?

వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలన్న ఆదేశం వచ్చిందంటే, ఒక్కొక్కరికి విడిగా ఇచ్చిన సడలింపులకు గండం వచ్చినట్టే. కొత్త ఆలోచనలు పుట్టాలంటే అందరూ ఒకచోట ఉండాలన్నది యాజమాన్యాలు చెప్పే కారణం. 2013లో యాహూ ఇంటి నుంచి పనిని ఆపినప్పుడు, మంచి ఆలోచనలు కారిడార్లలో, క్యాంటీన్లలో పుడతాయని సిబ్బందికి రాసింది. 2024 సెప్టెంబరులో అమెజాన్ సీఈఓ ఆండీ జస్సీ లేఖ కూడా అదే దారిలో నడిచింది. మధ్యలో కోవిడ్ కాలం అందరికీ గుర్తున్నదే. ఈ గొడవ అర్థం కావాలంటే మాత్రం 2008కి వెళ్లాలి.

ఆ ఏడాది సెవెరిన్ హోర్నుంగ్, డెనిస్ రూసో, యుర్గెన్ గ్లాసర్ జర్మనీలోని ఒక ప్రభుత్వ సంస్థ ఉద్యోగులపై చేసిన అధ్యయనం వెలువడింది. ఉద్యోగి తన కోసం విడిగా మాట్లాడుకునే ఏర్పాట్లకు రూసో 2001లోనే ‘ఐ-డీల్స్’ అని పేరు పెట్టారు.  2008 అధ్యయనం వాటిలో రెండు రకాలను విడివిడిగా పరిశీలించింది. ఒకటి, పనివేళల్లో వెసులుబాటు. రెండోది, నైపుణ్యం పెంచుకునే అవకాశం: శిక్షణ, కొత్త బాధ్యత లాంటివి. ఫలితాలు భిన్నంగా వచ్చాయి. వేళల వెసులుబాటు పొందినవారిలో అదనపు గంటలు, ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఒత్తిడి తక్కువగా కనిపించాయి. రెండో రకం పొందినవారిలో ఆ రెండూ ఎక్కువే. సంస్థపై మమకారం, పనిలో వారి నుంచి ఆశించేది కూడా ఎక్కువే. అంటే విడి ఏర్పాటు అనగానే పని తేలికవుతుందనుకోవడం సరికాదు. కొన్ని ఏర్పాట్లతో ఉద్యోగి భుజాన బరువు పెరుగుతుంది.

2010లో అదే బృందం, మరికొందరితో కలిసి, మూడో రకాన్ని ముందుకు తెచ్చింది: చేసే పనినే మార్చుకోవడం. తర్వాత వచ్చిన కొలమానాల్లో వేళలు, చోటు, పని, జీతభత్యాలు వేర్వేరు అంశాలయ్యాయి. నేటి వాదనలో మాత్రం వాటిని మళ్లీ ఒకే మూటలో కట్టేస్తున్నారు. నష్టం అక్కడే జరుగుతోంది.

ఎందుకంటే ఉద్యోగి చేసే నవకల్పనలో (ఇన్నోవేషన్) కనీసం మూడు పనులున్నాయి: ఆలోచన రావడం, దానికి మద్దతు కూడగట్టడం, అమలు చేసి చూపడం. మొదటిదానికి తన రోజువారీ పని బయటి సమస్య కంటపడాలి. రెండోదానికి నిర్ణయం తీసుకునేవారి దగ్గర మాట చెల్లాలి. మూడోదానికి మధ్యలో తెగని సమయం కావాలి. ఇంటి నుంచి పని వీటిలో మూడోదానికి కొంత పనికొస్తుంది, అంతే. పని స్వరూపాన్ని మార్చే ఏర్పాటు మూడింటికీ పనికొస్తుంది.

యాజమాన్యాల చేతిలో ఆధారాలు లేకపోలేదు. 2022లో సైన్స్ పత్రిక ‘నేచర్’లో వచ్చిన మెలనీ బ్రక్స్, జొనాథన్ లెవావ్ పరిశోధనలో వీడియోలో మాట్లాడుకున్న జంటలకు ఎదురెదురుగా కూర్చున్నవారికన్నా తక్కువ ఆలోచనలు వచ్చాయి. అయితే వచ్చినవాటిలో మంచిదాన్ని ఎంచుకోవడంలో వీడియో జంటలు వెనకబడలేదు. 2024లో అదే పత్రికలో చైనా ప్రయాణ సేవల సంస్థ ట్రిప్.కామ్‌కు చెందిన 1,612 మందిపై జరిగిన ప్రయోగం వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరు తగ్గలేదు. ఈ రెండూ చోటు గురించినవే. ఉదాహరణకు, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే టెస్టింగ్ ఇంజినీరు వారానికొక రోజు కస్టమర్ ఫిర్యాదులపై పనిచేస్తానని మేనేజర్‌తో మాట్లాడుకున్న ఏర్పాటు మంచిదో కాదో ఇవి తేల్చవు.

అలాంటి ఏర్పాటు ఎక్కడ చెడుతుందో చూద్దాం. వారానికి 40 గంటల పనిలో 8 గంటలు ఫిర్యాదులకు కేటాయించి, టెస్టింగ్ టార్గెట్‌ను 40 గంటల లెక్కనే ఉంచితే ఆ 8 గంటలు రాత్రుళ్లలోకి జరుగుతాయి. రెండు నెలల్లో సాఫ్ట్‌వేర్ విడుదల దగ్గర పడగానే మొదట ఎగిరిపోయేది ఆ రోజే. టార్గెట్‌ను 32 గంటలకు తగ్గించి, మిగిలిన టెస్ట్‌లు ఎవరు చేయాలో చెప్పకపోతే అవి పక్క సీటు మీద పడతాయి. ఆ కొత్త ఆలోచనకు మద్దతివ్వాల్సింది ఆ పక్క సీటు మనిషే. ఇలాంటి ఏర్పాటును సహోద్యోగులు ఎప్పుడు ఒప్పుకుంటారన్నదానిపై 2009లో వచ్చిన అధ్యయనం, రేపు తమకూ అలాంటి అవకాశం దొరుకుతుందన్న నమ్మకం కీలకమని చూపింది. గుట్టుగా ఇచ్చిన ఏర్పాటుకు ఆ నమ్మకం దొరకదు. ‘అందరికీ ఒకే రూలు’ అనే యాజమాన్యాల మాటకు బలం వచ్చేది ఈ గుట్టు వల్లే.

కాబట్టి కాగితం కావాలి, ఒక పేజీ చాలు. ఏ గంటలు, ఏ పని తగ్గింది, అది ఎవరికి వెళ్లింది, ఏ తేదీకి ఏం చూపాలి, ఎప్పుడు ముగుస్తుంది. ఆరు నెలల గడువు పెట్టి మూడో నెలలో ఒకసారి చూసుకోవాలి. అప్రైజల్ ఫారంలో ఆ పనికి విడిగా మార్కులుండాలి, లేకపోతే చేసినా లెక్కలోకి రాదు. టీమ్‌కు తెలియాలి. మేనేజర్ మారితే కొత్తాయనకు మొదటి వారంలోనే ఆ పేజీ అందాలి. మేనేజర్ మారితే నోటిమాట ఒప్పందం తేలిగ్గా తెగిపోవచ్చు.

ఒక జాగ్రత్త కూడా అవసరం. ఐ-డీల్స్‌కూ నవకల్పనకూ లంకె చూపే పరిశోధనల్లో చాలావరకు సర్వేలే. చురుకైనవారికే విడి ఏర్పాట్లు దక్కుతాయి కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అన్నది సర్వేతో పూర్తిగా తేలదు. అయినా దాన్ని సాకుగా చూపి అన్నిటినీ ఒక్కసారే కొట్టేయడం న్యాయం కాదు. ఇంటి నుంచి పనికి దరఖాస్తు, ఆమోదం ఉంటాయి. పని స్వరూపం మార్చుకున్న ఏర్పాటుకు చాలాసార్లు మేనేజర్ మాట తప్ప ఏమీ ఉండదు. ‘అందరూ పాత జాబ్ డిస్క్రిప్షన్‌కు’ అనగానే అది ఎవరూ రద్దు చేయకుండానే పోతుంది, ఏం పోయిందో లెక్క కూడా మిగలదు. ఆదేశం అమల్లోకి రాకముందే ప్రతి టీమ్‌లో చోటుకు, వేళలకు సంబంధించిన ఏర్పాట్లను ఒక జాబితాగా, పనికి సంబంధించినవాటిని మరో జాబితాగా రాయించి, రెండోదానిపై విడిగా నిర్ణయం తీసుకోవాలని ఉద్యోగులు అడగాలి.