పాత ఓవెన్‌కి డిజిటల్ కంట్రోలర్ పెట్టినా, ఆ పాత నాబ్ పీకేయకండి

పాత కరెంటు ఓవెన్ నాబ్‌ని 200 డిగ్రీల దగ్గర పెట్టి, లోపల మంచి థర్మామీటర్ ఒకటి ఉంచి గంటసేపు గమనించండి. వేడి 200 దగ్గర నిలబడదు. 15, 20 డిగ్రీలు పైకి ఎక్కుతుంది, మళ్లీ అంత కిందికి దిగుతుంది. ఓవెన్ పాడైపోలేదు, దాని తీరే అంత.

ఎందుకో నాబ్ వెనక చూస్తే తెలుస్తుంది. ఓవెన్ లోపలి గోడకి పెన్సిల్ కన్నా సన్నగా ఒక లోహపు గొట్టం బిగించి ఉంటుంది. దాని నిండా ద్రవం. అక్కణ్ణుంచి ఇంకా సన్నని గొట్టం ఒకటి నాబ్ దాకా వస్తుంది. వేడికి ద్రవం వ్యాకోచించి, చివర ఉన్న పల్చటి రేకును ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బు స్విచ్చిని నెట్టగానే టక్కుమని కరెంటు ఆగుతుంది. చల్లబడ్డాక మళ్లీ టక్కు. ఏ ప్రోగ్రామూ లేకుండా ఏళ్ల తరబడి పనిచేసే ఈ ఏర్పాటంటే నాకు నిజంగా గౌరవం. కానీ దానికి తెలిసినవి రెండే: పూర్తిగా ఆన్, పూర్తిగా ఆఫ్. ఆఫ్ అయ్యాక కూడా, అప్పటికే బాగా వేడెక్కిన ఎలిమెంట్ (వేడి పుట్టించే కడ్డీ) తనలోని వేడిని వదులుతూనే ఉంటుంది. అందుకే అనుకున్నదానికంటే పైకి పోతుంది.

డిజిటల్ కంట్రోలర్ గొప్పతనం మెరిసే అంకెల్లో లేదు, ముందుచూపులో ఉంది. లోపల నడిచే పీఐడీ లెక్క మూడు సంగతులు చూస్తుంది: కావలసిన వేడికి ఇంకా ఎంత తేడా ఉంది, ఇంతసేపూ పోగైన తేడా ఎంత, వేడి ఎంత వేగంగా మారుతోంది. 200 కావాలంటే, అక్కడికి చేరకముందే ఆ వేగం చూసి కరెంటు తగ్గించడం మొదలుపెడుతుంది. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ అనే ఇంజనీరు ఓడల చుక్కాని గురించి ఈ లెక్కను వివరించాడు. చేయి తిరిగిన నావికులు చుక్కాని ఎలా తిప్పుతారో గమనించడం ఆయనకు దారి చూపింది. ఇప్పటి కంట్రోలర్లలో ఆటోట్యూన్ ఉంటుంది. ఓవెన్‌ని కొన్నిసార్లు వేడెక్కించి, చల్లారనిచ్చి, దాని స్వభావాన్ని కంట్రోలర్ తనే నేర్చుకుంటుంది.

ఇక వేడిని కొలిచేది థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల తీగల కొసలు కలిపి అతికిన ఆవగింజంత పూస. ఇలాంటి జతలో వేడి తేడా వల్ల విద్యుత్ ప్రభావం పుడుతుందని 1821లో థామస్ సీబెక్ గమనించాడు. మామూలుగా వాడే కె టైప్‌లో డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు వస్తాయి. అంటే 200 డిగ్రీల దగ్గర కూడా దాదాపు 8 మిల్లీవోల్టులే! పూస గోడకి తగలకూడదు, ఎలిమెంట్‌కి ఎదురుగా కూడా ఉండకూడదు. అలా ఉంటే గాలి వేడి కాకుండా వేరేదేదో చూపిస్తుంది.

దీని తీగలు తారుమారైతే చాలా ప్రమాదం. ఓవెన్ వేడెక్కుతుంటే అంకె తగ్గుతుంది. చల్లగా ఉందనుకుని కంట్రోలర్ ఇంకా కరెంటు ఇస్తుంది. అందుకే ఎలిమెంట్‌కి కరెంటు కలపకముందే పూసను వేడినీళ్ల గ్లాసులో ముంచి చూడాలి. అంకె పెరిగితే సరే.

కంట్రోలర్ చెప్పినట్టు ఎలిమెంట్‌కి కరెంటుని కలిపి, తెంచే పని సాలిడ్ స్టేట్ రిలేది, అంటే కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చిది. 2000 వాట్ల ఎలిమెంట్ 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు లాగుతుంది. ఆంపియర్‌కి ఒక వాట్ చొప్పున లెక్కేసినా రిలేలోనే 9 వాట్ల వేడి పుడుతుంది. కాబట్టి ఆ వేడిని గాలిలోకి వదిలే లోహపు దిమ్మ, అంటే హీట్ సింక్, తప్పనిసరి, అదీ ఓవెన్ వేడి తగలని చోట. వేడి తగిలే చోట మామూలు ప్లాస్టిక్ తొడుగు వైర్లు పనికిరావు, గ్లాస్ ఫైబర్‌వి గానీ సిలికాన్‌వి గానీ వాడాలి. రిలే ఆఫ్‌లో ఉన్నా కాస్త కరెంటు లీకవుతుంది. చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకాల్సిందే. ఎర్త్ వైరుని మాత్రం ఎక్కడా తెంపకండి. వైరింగ్ అలవాటు లేకపోతే తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

నేను మరీ మరీ చెప్పేది ఈ రిలే గురించే. పాడైనప్పుడు ఇది ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలర్ ఆపమన్నా వినదు. వేడి పెరుగుతూనే పోతుంది. అందుకే పాత థర్మోస్టాట్‌ని, అంటే నాబ్ వెనకున్న ఆ గొట్టం, స్విచ్చి ఏర్పాటుని, అదే చోట ఉంచి, కరెంటు దాని గుండా వెళ్లాకే రిలేకి చేరేలా సిరీస్‌లో కలపాలి. నాబ్‌ని మనం వాడే వేడికి 30 డిగ్రీలు పైన పెట్టాలి.

పని పూర్తయ్యాక ఒకసారి కంట్రోలర్‌ని 200 దగ్గర, పాత నాబ్‌ని 150 దగ్గర పెట్టి, దగ్గరే నిలబడి చెవి పెట్టండి. 150 దాటి కాస్త పైకి వెళ్లేలోపే ఆ పాత టక్కు వినిపించి, వేడి పెరగడం ఆగిపోవాలి. ఆగకపోతే వైరింగ్ మళ్లీ చూసుకోవాలి.